వాసనకు గడి లేదు

గుడిపాల దారిలో గుజ్జు ఫ్యాక్టరీ,
మూడో షెడ్డు పైకప్పు మీద నా ఉద్యోగం.
సీజనంతా నాకు కాయ కనపడదు.
గాలి కనపడుతుంది.

నమ్మరు గానీ కనపడుతుంది.
బయటి వరస ఫిల్టరు ఊడదీసి వెలుతురుకు పెడితే
వారం రోజుల చిత్తూరు అందులో అతుక్కుని ఉంటుంది.
లారీ పొగ, ఎర్రమన్ను, ఉసుళ్ళ రెక్కలు,
ఎవరి మేకదో ఒక తెల్ల వెంట్రుక,
క్వారీ దిక్కు నుంచి గాలి తోలిన రోజున
ముగ్గుపిండి లాంటి రాతి పొడి.
మాఘమాసంలో అయితే పూత పుప్పొడి,
గడపకు పసుపు రాసినట్టు.

దాని వెనక రెండో వరస.
దాని వెనక, డ్రమ్ములు నింపే గదికి సరిగ్గా నెత్తిన
అసలుది.
గాజు పీచుతో చేసిన కాగితం,
చీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలు.
విప్పి పరిస్తే పెళ్ళి పందిరంత అవుతుందని
మద్రాసు నుంచి బిగించడానికొచ్చిన మనిషి చెప్పాడు.
వేలితో తాకొద్దన్నాడు.
నాలుగేళ్ళయింది, తాకలేదు.
పసిబిడ్డ మాడులాగా చూసుకుంటున్నా.

ఇంకో మాట కూడా చెప్పాడాయన, టీ తాగుతూ.
పెద్ద నలుసు నేరుగా వచ్చి గుద్దుకుని ఆగిపోతుందట.
మరీ చిన్నది తాగినోడిలా తూలుతూ తూలుతూ
ఏదో ఒక పోగుకు తగులుకుంటుందట.
తప్పించుకునేది మధ్యరకమే.
అందుకే పరీక్షంతా దాని మీదే పెడతారట.

గేటు బయట ట్రాక్టర్ల వరస
పెట్రోలు బంకు దాటి కల్వర్టు దాకా పోయింది.
పెద్ద తోటలోళ్ళకు టోకెన్లు ముందే అందాయి.
అరెకరం వాళ్ళు మండీలో
అయినకాడికి తెగనమ్మి ఇంటికి పోయారు.
ఐదెకరాల చెంగల్రాయ మామ
మూడు రాత్రులుగా టైరుకు ఆనుకుని కూర్చునుండాడు.
పోలిక కుదిరిందని నాలో నేనే మురిసిపోయి
చెప్పబోయి నోరు మూసుకున్నా.
కుదరలేదు. తిరగబడింది.
ఇక్కడ ఇరుక్కున్నదే మధ్యరకం.

"ఏమ్మే జమునా, లోపల చల్లంగా ఉంటాదంటనే?"
"గుజ్జుకు మామా. మాకు గాదు."

నాలుగో రాత్రి
మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది.
వరసలోని బండ్లన్నీ ఇంజన్లు వేసి ఆపి, వేసి ఆపి
రోడ్డునంతా పైకి లేపుతుండాయి గదా.
బయటి ఫిల్టర్లు ఆరూ మార్చి, క్లిప్పులు బిగించి,
గౌను, టోపీ, మాస్కు తొడుక్కుని కిందికి దిగా.

క్వాలిటీ సెక్షన్ యువరాణి
నలుసులు లెక్కపెట్టే డబ్బాను స్టాండు మీద పెట్టింది.
సున్న.
ఇంకో మూలన, సున్న.
డ్రమ్ము మూతి దగ్గర, సున్న.

ఆ సున్నల నడుమ
ఒక్కసారిగా ముక్కుకు తగిలింది.
పండి, మాగి, కారిపోతున్న బెంగుళూర కాయ,
పులుపుకు తిరిగిన తీపి.
తలుపు సందులోంచి కాదు.
నెత్తి మీంచి, పెళ్ళి పందిరంత మడతల్లోంచి
నింపాదిగా దిగుతుండాది.
కల్వర్టు కాడి బండ్ల వాసన.

"అది నలుసు కాదు జమునా,
దాన్ని పట్టాలంటే బొగ్గు ఫిల్టరు కావాల" అంది యువరాణి.
ఆమె కూడా ఒకసారి పీల్చి, కాసేపు నిలబడింది.
"రిపోర్టులో దానికి గడి లేదు."
సంతకం పెట్టింది. నేనూ పెట్టా.

తెల్లారి పాత ఫిల్టర్లు గేటు పక్కన పడేస్తుంటే
మామ వచ్చాడు.
"పారేసేదేనా?"
ఒకటి తీసుకుని టైరు మీద రెండుసార్లు కొట్టాడు.
లేచిన మబ్బులో దగ్గుతా
"మా దుమ్మే గదా" అన్నాడు.

తర్వాత ట్రాలీ అంచున కూర్చుని
దాంతో విసురుకున్నాడు.
కాయల మీది ఈగలకు విసిరాడు.
మాస్కు గడ్డం కిందికి లాక్కుని నిలబడ్డ నన్ను చూసి
ఇటు తిప్పి
నాకూ ఒకసారి విసిరాడు.